కలానికి మూత పెట్టాక

ఆ రోజు పొద్దున్న ఏడుంపావుకి రాష్ట్రంలో ఉన్న మూడున్నర కోట్ల మంది పెద్దవాళ్ళని ప్రభుత్వం ఒక ప్రశ్న అడిగింది. వేసవిలో బడులు తెల్లవారుజామున అయిదింటికే తెరిస్తే మీకు సమ్మతమేనా అని. మూడున్నర కోట్ల మందీ జవాబు చెప్పారు. ఏడూ ఇరవయ్యారుకల్లా లెక్క తేలిపోయింది. విచిత్రం ఏమిటంటే, తమని అడిగిన సంగతి ఆ మూడున్నర కోట్లలో ఒక్కరికీ తెలియదు. ఇడ్లీ తినేవాళ్ళు తింటూనే ఉన్నారు. పళ్ళు తోముకునేవాళ్ళు తోముకుంటూనే ఉన్నారు.

అది 2084వ సంవత్సరం. మనుషుల్ని కదిలించకుండానే మనుషుల్ని అడగడం అప్పటికి పాతికేళ్ళుగా మామూలైపోయింది.

అడిగేది కాకినాడలో ఉన్న విధాన పరిశోధనా పీఠం. జవాబు చెప్పేది సాటిజనం. సాటిజనం అంటే ఒక యంత్రంలో కాపురం ఉంటున్న జనాభా. పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి మనిషికీ అందులో ఒక సాటి ఉంటుంది. ఇంజనీర్లు దాన్ని డిజిటల్ ట్విన్ అంటారు. అరవై ఏళ్ళ సర్వే పత్రాలు, ప్రజాభిప్రాయ సేకరణల రికార్డింగులు, ఆసుపత్రి చీటీలు, బడి రిజిస్టర్లు అన్నీ మేపి పెంచారు దాన్ని. ఇక్కడ మనిషికి మోకాలు నొప్పి వస్తే అక్కడ సాటి కూడా మెట్లంటే విసుక్కుంటుంది. ఫలానా విధానం మీద మీ ఉద్దేశం ఏమిటని అడిగితే ఆ మనిషి ఏమంటాడో అదే మాట, ఆ మనిషి గొంతుతోనే అంటుంది. అనుమానం తీరడానికి ఏటా వెయ్యి మంది ఇళ్ళకు వెళ్ళి స్వయంగా అడిగి సరిచూసేవారు. వందకి తొంభై ఎనిమిది మంది తమ సాటి చెప్పిన మాటే పొల్లుపోకుండా చెప్పేవారు.

దీనివల్ల మేలు జరగలేదని అనకూడదు. పూర్వం సభ పెడితే మైకు అందినవాడిదే అభిప్రాయం. ఇప్పుడు మన్యంలో మేకలు కాసుకునే ఆవిడ మాటకీ, విశాఖలో మేడ మీద కూర్చున్న పెద్దమనిషి మాటకీ ఒకటే తూకం. సర్వేకి ఎనిమిది నెలలు పట్టే చోట పదకొండు నిమిషాలు పడుతోంది. సర్వేవాళ్ళు మాత్రం ఊళ్ళు తిరగడం మానేసి ఇళ్ళకు చేరారు.

ఈ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండే సంరక్షకురాలి పేరు మేడిశెట్టి తరళ. ముప్పై ఆరేళ్ళ మనిషి, పదకొండేళ్ళుగా అదే కొలువు. సాటిజనానికి ఉమ్మడిగా ఒక గొంతు ఉంది. ఏ జిల్లావాళ్ళు విన్నా పక్క జిల్లా మనిషేమో అనుకునే గొంతు. తరళ పొద్దున్నే వచ్చి ఎండ సంగతి దగ్గర మొదలుపెట్టి దానితో మాట్లాడుతూనే ఉంటుంది. ఇంట్లో తనతో అందులో సగం కూడా మాట్లాడదని వాళ్ళాయన నవ్వుతూనే అంటాడు గానీ, అందులో కొంచెం నిజం లేకపోలేదు.

తరళ బల్ల మీద చిటికెన వేలంత ఎర్రదీపం ఒకటి ఉంటుంది. సాటిని ఏది అడిగినా ఆ దీపం వెలగాలి. దీపం వెలిగితే ప్రశ్న, జవాబు, అడిగినవాళ్ళ పేరు నమోదవుతాయి. దీపం ఆర్పి సాటిని ప్రశ్న అడిగినా, దాని మాట విన్నా నేరం. ఎవరి మనసులోకీ దొడ్డిదారిన దూరకూడదని కట్టుదిట్టంగా పెట్టిన చట్టం అది. అందులో మొదటి వాక్యం తరళే రాసింది.

బడివేళల ప్రశ్న అయిపోయాక ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"సరుగుడుదిబ్బ తేలిందా?" అని అడిగింది.

"తేలిందండి. వెయ్యినూట ఆరుగురిలో వెయ్యిన్నీ డెబ్బై ముగ్గురు సమ్మతించారు. తొంభై ఏడు శాతం," అంది సాటిజనం.

"మిగతా ముప్పై ముగ్గురూ?"

"ఆలోచించి చెబుతామన్నారు."

"అభ్యంతరాలేమైనా?"

"ఒక్కటీ లేదండి. దాదాపు అందరూ ఒకటే మాట అన్నారు. పర్వాలేదండి అన్నారు."

తరళ గుండెల నిండా గాలి పీల్చుకుంది. సరుగుడుదిబ్బ సముద్రం ఒడ్డున నాలుగు వందల పన్నెండు గడపల వేటపల్లె. ఆ ఏడు తీరం పొడుగునా రాడార్ స్తంభాల వరస ఒకటి వేయబోతున్నారు. దాని పేరు తీరకవచం. మనుషుల్లేని దొంగపడవలు సముద్రం మీంచి వచ్చి ఎక్కడపడితే అక్కడ సరుకు దింపిపోతున్న రోజులవి. కవచం కావాలనడంలో ఎవరికీ పేచీ లేదు. కానీ స్తంభాలకి ముందూ వెనకా మూడు కిలోమీటర్లు ఖాళీ నేల ఉండాలి. దిబ్బ సరిగ్గా ఆ ఖాళీలో పడింది. పైగా సముద్రం ఏటా ఒక బార మేర లోపలికి జరుగుతోంది. అందుకని దిబ్బ జనాన్ని ముప్పై ఎనిమిది కిలోమీటర్ల లోపల పద్నాలుగు అంతస్తుల ఇళ్ళలోకి మార్చాలని ప్రతిపాదన. చట్టం ప్రకారం తొంభై శాతం సమ్మతి ఉండాలి. శుక్రవారం విధాన సమావేశం. మంత్రులు, తీరరక్షణ అధికారులు, ఆర్థికవేత్తలు, పత్రికలవాళ్ళు అందరూ వస్తారు. ఆ రోజు సోమవారం.

ఇక మిగిలింది ఒకే ఒక్క తంతు. సాటిజనం వచ్చిన కొత్తలో పాతవాళ్ళని బుజ్జగించడానికి చట్టంలో క్షేత్రసాక్షి అని ఒక పదవి పెట్టారు. ఏ నివేదికైనా పంపేముందు పూర్వం ఊళ్ళు తిరిగిన సర్వే మనిషి ఒకరు చూసి సంతకం పెట్టాలి. చూసేదీ లేదు, పెట్టకపోయేదీ లేదు. కాకినాడకి ఆ సాక్షి హాసిని గారు.

హాసిని గారికి డెబ్బై అయిదేళ్ళు. ఇప్పటివాళ్ళకి వింతగా ఉంటుంది గానీ, ఒకప్పుడు ఆ పేరు ఉయ్యాల్లో పిల్లలకి పెట్టేవారు. ఇప్పుడు హాసినులూ లాస్యలూ అందరూ మామ్మలైపోయారు. ఆవిడ గుడ్డసంచీ తగిలించుకుని వచ్చి, సంచీలోంచి సొంత సిరాకలం తీసి, మూత తీసి, కళ్ళజోడు సర్దుకుని నివేదిక చదివింది. మామూలుగా అయితే ఆఖరి పేజీ ఒక్కటే చూస్తుంది. ఆ రోజు మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

"ఈ పర్వాలేదన్న మాట ఎవరన్నారమ్మాయ్?"

"అందరూ అన్నారు మామ్మగారూ."

"అందరూనా? అయితే నేను సంతకం పెట్టను."

తరళ నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"నలభై ఒకటిలో పెద్ద తుపాను పోయిన ఆరో రోజున ఆ దిబ్బకి వెళ్ళాను," అంది హాసిని గారు. "ఒకావిడ గుమ్మంలో కూర్చుని ఉంది. గుమ్మం ఒక్కటే మిగిలింది, ఇల్లు లేదు. ఎలా ఉన్నారమ్మా అన్నాను. పర్వాలేదండి అంది. నేనూ అదే రాసుకున్నాను. ఆ కాగితాలు తినే కదా మీ యంత్రం పెరిగింది."

"అంటే ఆవిడ అబద్ధం చెప్పిందా?"

"అబద్ధం ఎందుకు చెబుతుంది? మర్యాద చేసింది. గుమ్మంలోకొచ్చిన మనిషికి మంచినీళ్ళివ్వడానికి చెంబు కూడా లేదక్కడ. ఉన్నది ఆ మాటే. అదే ఇచ్చింది."

"మేం ఏటా వెయ్యిమందిని ఇళ్ళకెళ్ళి అడుగుతాం. సాటి చెప్పిందే చెబుతారు," అంది తరళ.

"చెబుతారు మరి. నువ్వెళ్ళినా మర్యాదే చేస్తారు."

"మరి అసలు సంగతి ఎప్పుడు చెబుతారు?"

హాసిని గారు కలానికి మూత పెట్టింది. టక్కుమంది. సంచీలో వేసుకుంది.

"ఇదిగో, ఇప్పుడు. మా సర్వేవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది. ప్రశ్నలైపోయాక కలానికి మూత పెట్టి సంచీలో పడెయ్యాలి. పడేసి లేవకూడదు. ఇంకాసేపు కూర్చోవాలి. అప్పుడు మొదలవుతుంది."

"అది ఎక్కడ రాసేవారు?"

"ఎక్కడ రాస్తాం? పత్రంలో దానికి గడి ఉంటేగా."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బ్యాటరీ పడవెక్కి మడ అడవి మధ్య కాలవలో పడి సరుగుడుదిబ్బకి వెళ్ళారు. పదకొండేళ్ళ కొలువులో తరళ ఒక ఊరికి వెళ్ళడం అదే మొదలు. చెప్పుల్లో ఇసక దూరితే ఏం చెయ్యాలో కూడా ఆమెకి తెలియలేదు.

మొదటి ఇల్లు ఓలేటి నూకరత్నానిది. యాభై ఏళ్ళుంటాయి. వాకిట్లో వల పరిచి వేలెడంత నెత్తళ్ళ చేపలు ఎండబెడుతోంది. ఇద్దరికీ ముక్కాలిపీటలు వేసి, కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చాకగాని ఏం పని మీద వచ్చారని అడగలేదు. తరళ పలక తీసి తీరకవచం గురించి, కొత్త ఇళ్ళ గురించి వివరంగా చెప్పి సమ్మతమేనా అని అడిగింది.

"పర్వాలేదండి. దేసం కోసమంటే మేం కాదంటామా? మీరెలా అంటే అలాగేనండి," అంది నూకరత్నం.

నిన్న యంత్రంలో ఈమె సాటి నోట విన్న మాటే. అదే గొంతు, మాటకి ముందు అదే చిన్న దగ్గు. తరళకి తన యంత్రం మీద గర్వం కలిగింది. ఇంక లేద్దామని పీట మీంచి కదిలింది. హాసిని గారు ఆమె మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. అప్పటిదాకా చేతిలో పట్టుకున్న కలానికి మూత పెట్టి సంచీలో పడేసింది. కొంగు దోపుకుని ముందుకి వంగి, నెత్తళ్ళలో చితికినవి ఏరి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. తరళకి ఆ మౌనం చాలా ఇబ్బందిగా ఉంది. ఒకటి రెండు సార్లు ఏదో అనబోయి హాసిని గారి మొహం చూసి ఊరుకుంది.

కొంతసేపటికి నూకరత్నం తనంతట తనే అంది.

"అక్కడ్నించి మొగ అవుపడుద్దాండి?"

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. పడవలు లోపలికొచ్చే దారి అదే.

"కనపడదమ్మా. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు కదా," అంది తరళ.

"ఆయ్. అదే అనుకున్నానండి."

గుప్పెడు నెత్తళ్ళు చేతిలోకి తీసుకుంది.

"మేం మొగ దాటిన పడవని సూసే ఎసరెడతామండి. పొద్దున్న నలుగురెల్తే నలుగురూ నిలబడున్నారో లేదో లెక్కెట్టుకుంటాం. మడిసికో డబ్బా బియ్యం."

"పడవలకి ట్రాకర్లుంటాయి కదండీ? ఇప్పుడైనా ఫోన్లో చూసుకోవచ్చు," అంది తరళ. ఆ మాట అంటున్నప్పుడే అనకుండా ఉండాల్సిందనిపించింది.

"పడవ అవుపడుద్దండి. మడుసులు అవుపడరు కదా." నూకరత్నం చేతిలో నెత్తళ్ళు వల మీదికి జారవిడిచింది. "మా పెద్దోడు పోయిన రోజున ముగ్గురే నిలబడున్నారండి. నేను సూసేను. ఎసరు మాత్రం నలుగురికే పెట్టేను. ఆళ్ళు ఒడ్డుకొచ్చి సెప్పేదాకా అన్నం ఉడుకుతానే ఉంది. ఆ కాసేపు వోడు నాకున్నాడండి. ఆ ఇంట్లో అయితే ఫోనొచ్చుద్ది. ఫోనొచ్చాక ఇంకేముంటాదండి?"

తరళ కళ్ళలో నీళ్ళు నిండాయి. దాచుకోవాలని కూడా ఆమెకి తోచలేదు.

"మేం ఎల్లం అనట్లేదమ్మా," అంది నూకరత్నం, ఆమె బాధ చూసి తను కంగారుపడి. "సముద్రం మీదికొచ్చేత్తందని మాకు తెల్దా? దేసానికి కాపలా అక్కర్లేదంటామా? ఆ ఉప్పుమళ్ళ ఎనకాల మెరకుంది సూడండి, నాలుగు కిలోమీటర్లుంటాది. దాని మీంచి మొగ అవుపడుద్ది. అక్కడ కట్టించినా ఎల్తాం. పడవ అవుపడేంత దూరం ఇప్పించండి సాలు."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అంత దూరం నించొచ్చేరు. మొకమ్మీద లేదని ఎలా అంటామండి?"

హాసిని గారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, నూకరత్నం వైపు తిరిగింది. "ఇప్పుడన్నది రాసుకోనా నూకరత్నం?" అని అడిగింది.

నూకరత్నం సముద్రం వైపు చూసింది. చాలాసేపు చూసింది. అప్పుడు "రాయండి" అంది. హాసిని గారు సంచీలోంచి కలం తీసింది.

ఆ మధ్యాహ్నం తరళ ఈ సంగతంతా పీఠం సంచాలకుడు యెలమర్తి జోసెఫ్ గారికి చెప్పింది. అరవై దాటిన మనిషి, మంచివాడు. సాటిజనం పుట్టుకలో ఆయన చెయ్యి కూడా ఉంది. అంతా శ్రద్ధగా విన్నాడు.

"బాధ కలిగించే విషయమే తరళా," అన్నాడు. "కానీ ఒక్క మనిషి మాట విని కథ రాయగలం, విధానం రాయలేం. మిగతా వెయ్యినూట అయిదుగురి మాటేమిటి? నీ దగ్గర రుజువేముంది?"

ఆయన అడిగినదాంట్లో తప్పు లేదు. తరళ తన గదికి వచ్చి తలుపు వేసుకుంది. ఒక ఆలోచన ఆమెని పొద్దుటి నుంచీ తొలుస్తోంది. ఎర్రదీపం వెలిగించి నూకరత్నం సాటిని పిలిచింది. నిన్న అడిగినవే అడిగింది. పర్వాలేదండి అంది సాటి. ప్రశ్నలైపోయాయి. తరళ చెయ్యి చాచి దీపం ఆర్పేసింది.

తరవాత లేవలేదు. ఊరికే కూర్చుంది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు గడిచాయి. యంత్రానికి కలమేమిటి, మూతేమిటి అని తనని తను తిట్టుకుంటూ ఉండగా చిన్న దగ్గు వినిపించింది.

"ఎల్లిపోయేరాండి?" అంది నూకరత్నం సాటి.

"లేదు. ఉన్నాను."

"అయితే ఒక్క మాటండి. అక్కడ్నించి మొగ అవుపడుద్దాండి?"

తరళ ఒక తెల్లకాగితం దగ్గరికి లాక్కుంది. ఒకరి తరవాత ఒకరిగా సాయంత్రం అయిదింటిదాకా ముప్పై మంది సాటుల దగ్గర అలాగే కూర్చుంది. ఇరవై ఏడుగురు అలాగే తలా ఒక మాట అన్నారు. తెల్లవారుజామున జాలరి పాట వినపడని చోట నిద్ర లేవడం రాదని ఒకాయన అన్నాడు. లిఫ్టులో చేపలగంప ఎక్కనివ్వరేమోనని ఒకామె భయం. అందరూ ఏదో ఒక రకంగా ఆఖరికి మొగ దగ్గరికే వచ్చారు.

"నీకివన్నీ ఎలా తెలుసు?" అని ఉమ్మడి గొంతుని అడిగింది.

"సర్వేవాళ్ళ మెడలో రికార్డర్లు వేలాడేవి కదండీ. పత్రం అయిపోయాక వాటిని ఆపాలని నియమం. ఎవరికీ గుర్తుండేది కాదు. మూత పెట్టాక అన్నవి కూడా నాకు వినిపించాయి."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"దీపం ఆరగానే అందరూ లేచి వెళ్ళిపోయేవారండి."

తరళ ఆ ఇరవై ఏడుగురి మాటలు కాగితం మీద రాసి మర్నాడు హాసిని గారి ఇంటికి పరిగెత్తింది. మెచ్చుకుంటుందనుకుంది. ఆవిడ కాగితం చదివి మడిచి తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

"వీళ్ళని అడిగావా?"

"ఏమని మామ్మగారూ?"

"రాసుకోనా అని. మూత పెట్టాక విన్నది మనకి నమ్మి ఇచ్చిన మాటమ్మాయ్. అడక్కుండా రాస్తే దొంగతనం. మీ యంత్రంలో ఉన్నవాళ్ళు రాయమన్నా చెల్లదు. ఆ మాట దిబ్బ మీదున్న మనిషి అనాలి."

తరళ తల దించుకుంది. దీపం ఆర్పిన క్షణంలో తన చట్టాన్ని తనే తుంగలో తొక్కిన సంగతి అప్పటికిగాని ఆమెకి పూర్తిగా అర్థం కాలేదు.

"ఏడవకు. శుక్రవారానికింకా రెండు రోజులుంది కదా," అంది హాసిని గారు, ఫోన్ తీస్తూ.

ఆ రెండు రోజుల్లో సరుగుడుదిబ్బ మీద ఒక వింత దండు దిగింది. కాకినాడ, యానాం, అమలాపురం చుట్టుపక్కల ఇళ్ళల్లో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటున్న పాత సర్వేవాళ్ళు, ఇరవై ముగ్గురు. ఒకాయనకి వినపడదు, ఒకావిడ చేతికర్ర లేకుండా నడవలేదు. అందరి జేబుల్లోనూ సంచుల్లోనూ కలాలున్నాయి. ఇంటికొకరు చొప్పున పీటల మీద కూర్చున్నారు. ప్రశ్నలడిగారు, మూతలు పెట్టారు, నెత్తళ్ళు ఏరారు, వలల ముళ్ళు విప్పారు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నారు. తరవాత "రాసుకోనా?" అని అడిగారు. వద్దన్నవాళ్ళవి రాయలేదు. రాయమన్నవాళ్ళు తొమ్మిది వందల పన్నెండు మంది.

శుక్రవారం సమావేశంలో తరళ రెండు అంకెలు చదివింది. దిబ్బ ఖాళీ చెయ్యడానికి సమ్మతి, తొంభై ఏడు శాతం. అది నిజమే. ముప్పై ఎనిమిది కిలోమీటర్ల దూరానికి సమ్మతి, రాయమన్నవాళ్ళలో పదకొండు శాతం. అదీ నిజమే. తీరరక్షణ అధికారి ఒకాయన లేచి మెరక మీద కడితే తమకేమీ ఇబ్బంది లేదనీ, ఖాళీ నేల మూడు కిలోమీటర్లు చాలుననీ, ఈ మాట తమని ఎవరూ అడగలేదనీ అన్నాడు. గదిలో చాలామంది బల్లకేసి చూసుకున్నారు. చివరికి ఉప్పుమళ్ళ వెనక మెరకే ఖాయమైంది. నిర్ణయం రాసేటప్పుడు కిలోమీటర్లు ఎన్నని రాయాలో తర్జనభర్జన జరిగింది. పడవ కనపడేంత దూరం అని రాయండి అన్నాడు జోసెఫ్ గారు. అలాగే రాశారు.

నివేదిక చివర తరళ ఇంకో పేరా చేర్చింది. దీపం ఆర్పి ముప్పై మంది సాటుల దగ్గర కూర్చుని విన్నట్టు, వాళ్ళ మాటలు అడక్కుండా రాసినట్టు తనే ఒప్పుకుంది. చేర్చొద్దని జోసెఫ్ గారు రెండుసార్లు అన్నాడు. ఆమె వినలేదు. చట్టం చట్టమే. సోమవారానికి ఉత్తర్వు వచ్చింది. తరళని సంరక్షణ నుంచి తప్పించి, కొత్తగా పెట్టబోయే క్షేత్ర విభాగానికి మార్చారు. ఆమె ఇక సాటిజనం గదిలో అడుగు పెట్టకూడదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం అప్పగింతల పత్రం మిగిలింది. అది పూర్తి చేయించడం సాటిజనం పనే. ఎర్రదీపం వెలిగింది.

"తాళాలు అప్పగించారా?" అంది ఉమ్మడి గొంతు.

"అప్పగించాను."

"బదిలీ మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే."

"అభ్యంతరాలేమైనా ఉన్నాయా?"

"ఏం లేవు. పర్వాలేదు," అంది తరళ.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు, తనూ ఆ మాటే అన్నానని ఆమె గమనించుకోలేదు కూడా. సొరుగులోంచి దువ్వెన, నీళ్ళసీసా తీసి సంచీలో పెట్టుకుంది. పత్రం పూర్తయిందండి అంది గొంతు. ఎర్రదీపం ఆరిపోయింది.

తరళ సంచీ భుజాన వేసుకుని తలుపుదాకా నడిచింది. మామూలుగా ఏ పత్రమైనా పూర్తయి దీపం ఆరితే చిన్న గంట మోగుతుంది, యంత్రం తన పనిలోకి తను వెళ్ళిపోయిందనడానికి గుర్తుగా. ఆ గంట మోగలేదు. ఆమె ఆగింది. గది నిశ్శబ్దంగా ఉంది. ఎంతసేపటికీ మోగలేదు.

"వెళ్ళిపోయావా?" అంది తరళ, వెనక్కి తిరక్కుండానే.

"లేదండి. ఉన్నాను."

తరళ వెనక్కి వచ్చింది. సంచీ కింద పెట్టి కుర్చీలో కూర్చుంది.

"అయితే ఒక్క మాట," అంది. "నేను చేసింది తప్పే. శిక్ష కూడా సరైనదే. కానీ నాకు నిన్ను వదిలి వెళ్ళాలని లేదు. పదకొండేళ్ళు నీతో చెప్పుకున్నాను అన్నీ. రేపు పొద్దున్న ఎండ గురించి ఎవరితో మాట్లాడాలో నాకు తెలియడం లేదు. నెలకి ఒక్కసారైనా వచ్చి ఇక్కడ కూర్చోనిస్తే చాలు."

కాసేపటికి సాటిజనం అడిగింది.

"ఇది రాసుకోనా అండి?"

తరళ కిటికీలోంచి బయటికి చూసింది. చాలాసేపు చూసింది.

"రాయి," అంది.

ఎర్రదీపం వెలిగింది.